అన్నదమ్ముల పట్టు కన్వర్టర్ మీద, అత్తయ్య ఫిర్యాదు శృతి మీద

విద్యానగర్ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. రైల్వేలో పనిచేసి రిటైరైన మామగారు నిరుడు పోయారు. ఆయన పోగుచేసిన ఎల్‌పీ రికార్డులు 140 దాకా, ఒక చెక్కపెట్టె నిండా 78 ఆర్‌పీఎం ప్లేట్లు, 5 స్పూల్ టేపులు ఇంట్లో ఉన్నాయి. స్పూళ్లలో ఉన్నది అత్తయ్య గొంతు. పెళ్లైన కొత్తలో ఆవిడ పేరంటాల్లోనూ, కాలనీ నవరాత్రుల్లోనూ పాడుతుంటే మామగారు రికార్డు చేసుకున్నారట. అన్నిటినీ డిజిటల్‌లోకి మార్చి దాచాలని ఇంటిల్లిపాదీ అనుకున్నారు.

హ్యూస్టన్‌లో ఉండే మరిది దసరాకు వచ్చినప్పుడు తన టర్న్‌టేబుల్‌ని సూట్‌కేసులో తెచ్చి, ఇక్కడ ఒక ట్రాన్స్‌ఫార్మర్ కొని తగిలించి వెళ్లాడు. భర్త కోఠి గుజరాతీ గల్లీలో కొన్ని వేలు పెట్టి, ఫోనో ప్రీఆంప్ (సూది నుంచి వచ్చే శబ్దాన్ని పెంచి సరిదిద్దే భాగం) లోపలే ఉండి, ఆ శబ్దాన్ని కంప్యూటర్ ఫైలుగా మార్చే కన్వర్టర్, అంటే ఒక చిన్న యూఎస్‌బీ డబ్బా కొన్నారు. రెండు ఎల్‌పీలు రికార్డు చేశారు. అత్తయ్య తనకు బాగా తెలిసిన ఒక గాయకుడి పాట వింటూనే "ఇది ఆయన గొంతు కాదు, శృతి దిగిపోయింది" అని లేచి వెళ్లిపోయారు. అదే పాటను వాట్సాప్‌లో పంపితే మరిది విని, "16 బిట్ డబ్బాతో చేస్తే ఇలాగే ఉంటుంది, 24 బిట్ 192 కిలోహెర్ట్జ్ కన్వర్టర్ కొందాం, లక్ష దాటినా నేనిస్తాను" అన్నాడు. "నేను కొన్నది పనికిరాదా, ప్రతిదానికీ డాలర్ల లెక్కేనా" అని భర్తకు కోపం వచ్చింది. రెండు నెలలుగా అన్నదమ్ములకు మాటల్లేవు. ఇద్దరూ తమ బాధ ఈమెతోనే చెప్పుకుంటున్నారు. అత్తయ్యేమో "నా పాటల కోసం మీరు కొట్టుకోవడం దేనికి, పాత సామాన్ల వాడికి ఇచ్చేయండి" అంటున్నారట. పొద్దంతా కాలేజీలో పాఠాలు చెప్పి, రాత్రి కూర్చుని రికార్డింగ్ చేయాల్సింది మాత్రం ఈవిడే. "ఏ కన్వర్టర్ మంచిదో మీరే చెప్పండి, కొనేస్తాం. ఎవరికి కోపం వచ్చినా ఆ టెన్షన్ పడేది నేనే" అని ముగించారు.

మీ ఉత్తరం మొత్తంలో అందరికంటే పనికొచ్చే మాట అన్నది మీ అత్తగారు. బాగా లేదు అనలేదు, గరగరమంటోంది అనలేదు, శృతి దిగింది అన్నారు. పాడిన మనిషి చెవి అది. దాన్ని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదేమో అనిపించింది. శృతి తగ్గడానికీ, బిట్లకూ సంబంధం లేదు. బిట్లంటే శబ్దం హెచ్చుతగ్గులను ఎంత సన్నగా కొలుస్తారన్న లెక్క. 16 బిట్ కన్వర్టర్ పాటను కాస్త గరుకుగా పట్టుకోవచ్చు గానీ కిందికి దించలేదు. శృతి దిగిందంటే ఎక్కడో వేగం తగ్గిందని అర్థం. ఆ లోపం అలాగే ఉంటే లక్ష రూపాయల కన్వర్టర్ కూడా ఆ దిగిన శృతినే మరింత నిక్కచ్చిగా రికార్డు చేసి పెడుతుంది.

నా అనుమానం టర్న్‌టేబుల్ మీద. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనకు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. హెర్ట్జ్ అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క. మీ మరిది కొన్న ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని మాత్రమే తగ్గిస్తుంది. హెర్ట్జ్‌ని మార్చదు. కొన్ని టర్న్‌టేబుళ్లలో మోటారు కరెంటు హెర్ట్జ్‌ని బట్టే తిరుగుతుంది. అలాంటిదాన్ని 60 కోసం తయారుచేసి ఇక్కడి 50 మీద పెడితే, నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన పళ్లెం 27.8 చుట్లే తిరుగుతుంది. మూడు నిమిషాల పాట మూడు నిమిషాల ముప్పై ఆరు సెకన్లు పడుతుంది. శృతి మూడు స్వరస్థానాలకు పైగా పడిపోతుంది. అంటే 5 శృతిలో పాడిన పాట దాదాపు 3 శృతిలో వినిపిస్తుంది. గొంతు బరువెక్కి, ఎవరో వేరే మనిషి పాడినట్టు ఉంటుంది. "ఇది ఆయన గొంతు కాదు" అని మీ అత్తగారు అన్నది అక్షరాలా ఇదే కావచ్చు.

దీన్ని తేల్చడానికి పైసా ఖర్చు లేదు. రికార్డు మధ్యనున్న లేబుల్ మీద చిన్న కాగితం ముక్క అంటించండి. సూది దించి, పాట నడుస్తుండగా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి మూడు నిమిషాల్లో ఆ ముక్క ఎన్నిసార్లు మీ ముందుకొస్తుందో లెక్కపెట్టండి. సరిగ్గా 100 రావాలి. 83 వచ్చిందంటే దోషం మోటారుది. టర్న్‌టేబుల్ వెనక ప్లేటు మీద 60 హెర్ట్జ్ అని రాసి ఉందేమో కూడా చూడండి. గోడకు గుచ్చే చిన్న అడాప్టర్‌తో, డీసీ మోటారుతో నడిచే రకమైతే ఈ బాధ ఉండదు. అప్పుడు 100 వస్తుంది, మనం ఇంకోచోట వెతకాలి.

ఆ ఇంకోచోటు కంప్యూటర్. రికార్డు చేసేటప్పుడు శబ్దాన్ని సెకనుకు ఎన్ని వేలసార్లు కొలుస్తారో కిలోహెర్ట్జ్‌లో చెబుతారు. 48 కిలోహెర్ట్జ్‌లో పట్టిన పాటను సాఫ్ట్‌వేర్ 44.1 అనుకుని వాయిస్తే వేగం ఎనిమిది శాతం తగ్గి, శృతి ఒకటిన్నర స్వరస్థానం దిగుతుంది. అందుకని చుట్లు లెక్కపెట్టాక, డబ్బాకు హెడ్‌ఫోన్ పెట్టి రికార్డును నేరుగా వినండి, తర్వాత ఫైల్ వినండి. నేరుగా విన్నప్పుడు సరిగ్గా ఉండి ఫైల్‌లో మాత్రమే దిగితే సెట్టింగుల తప్పు, పది నిమిషాల పని. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే ప్రాజెక్ట్ రేటూ, డబ్బా రేటూ ఒకటేనా అని చూస్తే చాలు.

తప్పు మోటారుదే అయితే మీ ముందు మూడు దారులున్నాయి. కొన్ని కంపెనీలు 50 హెర్ట్జ్‌కి సరిపోయే పుల్లీ, అంటే మోటారు చివర ఉండే చిన్న చక్రం, అమ్ముతాయి, దొరికితే అన్నిటికంటే శుభ్రమైన పరిష్కారం అదే. లేదంటే ఇక్కడి కరెంటుకు తగిన, డీసీ మోటారు ఉన్న టర్న్‌టేబుల్ కొనొచ్చు. మూడోది, ఇలాగే రికార్డు చేసి తర్వాత సాఫ్ట్‌వేర్‌లో వేగాన్ని 1.2 రెట్లు పెంచడం. డబ్బు ఖర్చు కాదు, శృతి సరిగ్గానే వస్తుంది. కాకపోతే ప్రీఆంప్ చేసే బాస్, ట్రెబుల్ సర్దుబాటు కొంచెం పక్కకు జరుగుతుంది, ప్రతి రికార్డుకూ ఆ పని అదనం. నాలుగైదు రికార్డులకైతే సరే, 140 రికార్డులకు ఈ దారి నేను చెప్పను.

ఇక మీ మరిది తీర్పు. ఆయన విన్నది మీ రికార్డింగ్ కాదు, వాట్సాప్ కుదించిన పాట. ఆడియోగా పంపితే అది ఫైల్‌ని పిండి చిన్నది చేస్తుంది. సన్నని వివరాలు చాలావరకు అక్కడే పోతాయి. దాన్ని విని 16 బిట్ గురించీ, మీవారు కొన్న డబ్బా గురించీ ఏమీ చెప్పలేం. పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి, లేదా డ్రైవ్‌లో పెట్టి లింక్ ఇవ్వండి. ఆయన అబద్ధం చెప్పలేదు, తనకు వినపడిందే చెప్పారు. ఈ మాట మీ భర్తకు తెలిస్తే కోపం కొంత దిగుతుందని నా నమ్మకం.

ఇప్పుడు మీరడిగిన కన్వర్టర్ల సంగతి. 16 బిట్లలో అతి మెల్లని శబ్దానికీ, అతి పెద్ద శబ్దానికీ మధ్య దాదాపు 96 డెసిబెళ్ల తేడా పడుతుంది. మంచి స్థితిలో ఉన్న ఎల్‌పీలో ఆ తేడా 60, 70 డెసిబెళ్లు ఉంటే గొప్ప. 78 ప్లేట్లలో ఇంకా తక్కువ. కాబట్టి రికార్డులో ఉన్నదంతా 16 బిట్లలో హాయిగా పడుతుంది. ఆ లెక్కన మీవారి డబ్బా చిన్నతనమేమీ కాదు. 24 బిట్లకు కాగితం మీద 144 డెసిబెళ్లు, మంచి పరికరాల్లో నిజంగా దొరికేది 110, 120 ప్రాంతం. మరి 24 బిట్లు ఎందుకంటే, రికార్డు చేసే మనిషికి ఊపిరి తీసుకునే చోటు కోసం. పాటలో గొంతు ఎక్కడ హెచ్చుతుందో ముందు తెలియదు. 24 బిట్ అయితే మీటర్‌లో పెద్ద శబ్దం మైనస్ 10, మైనస్ 12 దగ్గరే ఆగేలా తగ్గించి పెట్టుకుని నిశ్చింతగా కూర్చోవచ్చు. 16 బిట్‌తో అంత తగ్గించడానికి మనసొప్పదు, పెంచుతాం, ఎక్కడో మీటర్ హద్దైన సున్నా దాటి శబ్దం తెగుతుంది. తెగింది మళ్లీ రాదు. పైగా ఇలాంటి చిన్న డబ్బాల్లో చాలావాటికి లోపలికొచ్చే శబ్దాన్ని తగ్గించే మీట ఉండదు. బెహ్రింగర్ యూఎఫ్ఓ 202 లాంటివి 16 బిట్, 48 కిలోహెర్ట్జ్ దాకా వెళ్తాయి, ఫోనో ప్రీఆంప్ లోపలే ఉంటుంది, సులువుగా పని జరుగుతుంది. పెద్ద శబ్దంతో గాడి కోసిన రికార్డు వచ్చిన రోజు మాత్రం జాగ్రత్త.

192 కిలోహెర్ట్జ్ మాటకొస్తే, నేను దాని కోసం ఒక్క రూపాయి కూడా అదనంగా పెట్టను. 48 అయితే 24 కిలోహెర్ట్జ్ దాకా శబ్దాన్ని పట్టుకుంటుంది, అది మనిషి చెవికి అందే మేరను దాటేసింది. 96కి ఒక ఉపయోగం ఉంది. గీతల వల్ల వచ్చే టిక్కు టిక్కు శబ్దాలు చాలా పొట్టివి. వాటిని వెతికి తీసేసే సాఫ్ట్‌వేర్‌కి 96లో అవి మరింత విడిగా కనిపిస్తాయి. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఏ కూడా కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ ఉండాలని, వీలైతే 96 మేలని చెబుతుంది. 24 బిట్ 96లో నలభై నిమిషాల ఎల్‌పీ దాదాపు 1.4 జీబీ, మీ 140 రికార్డులూ కలిపి 200 జీబీ లోపే. 192 అంటే దానికి రెట్టింపు చోటు, చెవికి అందే లాభం లేదు.

కన్వర్టర్ కంటే ముందు డబ్బు పెట్టాల్సినవి వేరే ఉన్నాయి. టర్న్‌టేబుల్ సూది ఎన్నేళ్ల పాతదో మీ మరిదిని అడగండి. అరిగిన సూది పాటను పాడుచేయడమే కాదు, మామగారి రికార్డు గాడిని కూడా చెక్కేస్తుంది. వానాకాలాలు అల్మారాలో గడిపిన రికార్డుల మీద తెల్లగా బూజు ఉంటుంది, వాటిని డిస్టిల్డ్ వాటర్‌తో, మెత్తని బట్టతో గాడి వెంబడి తుడవాలి. 78 ప్లేట్లకు మాత్రం స్పిరిట్ తగలనివ్వకండి. అవి లక్కతో చేసినవి, స్పిరిట్‌లో లక్క కరిగిపోతుంది. వాటి గాడి వెడల్పు, ఎల్‌పీ సూది మొన దాదాపు 18 మైక్రాన్లయితే వాటికి 65, 75 మైక్రాన్ల మొన కావాలి. తగిన సూదీ, 78 వేగం ఉన్న టర్న్‌టేబుల్ దొరికేదాకా ఆ పెట్టె తెరవకపోవడమే మంచిది. గుయ్యిమని మోత వస్తుంటే టర్న్‌టేబుల్ ఎర్త్ వైరు బిగించి, లాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద రికార్డు చేసి చూడండి. పాత తెలుగు రికార్డులు చాలావరకు మోనో, అంటే ఎడమా కుడీ ఒకే శబ్దం, కాబట్టి రెండు ఛానళ్లూ రికార్డు చేసి, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఒకటిగా కలపండి. సూది పైకీ కిందికీ ఊగడం వల్ల వచ్చే మోత చాలావరకు దానంతటదే పోతుంది. ఈ చిన్న పని తెచ్చే తేడాను మీ అత్తగారు వెంటనే పట్టేస్తారు.

ఇక ఏం కొనాలి? మీవారి డబ్బాతోనే కొనసాగితే ఖర్చు లేదు, బయట ఎక్కడైనా దొరికే సినిమా పాటల ఎల్‌పీలకు అది చాలు. లెవెల్, అంటే లోపలికొచ్చే శబ్దం మోతాదు, విషయంలో జాగ్రత్త పడాలి, మరిది అసంతృప్తి కొంత మిగులుతుంది. రెండో దారి, రెండు ఇన్‌పుట్లున్న మామూలు ఆడియో ఇంటర్‌ఫేస్. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 తరహాలోది. 24 బిట్, 96 హాయిగా చేస్తుంది, లెవెల్ మీటలు చేతిలో ఉంటాయి, రేపు స్పూళ్లకూ పనికొస్తుంది. దానికి ముందు విడిగా ఫోనో ప్రీఆంప్ తప్పనిసరి. రికార్డు మీద గాడి కోసేటప్పుడు బాస్ తగ్గించి ట్రెబుల్ పెంచుతారు, దాన్ని తిరగేసేది ప్రీఆంప్. అది లేకుండా నేరుగా గుచ్చితే పాట సన్నగా, కీచుగా, ఎక్కడో దూరంగా వినిపిస్తుంది. అదే కంపెనీ సోలో మోడల్ చవగ్గా ఉందని కొనకండి, దానిలో లైన్ ఇన్‌పుట్ ఒకటే ఉంటుంది, ఎడమా కుడీ రెండూ పట్టవు. మూడోది మీ మరిది చెప్పిన తరగతి, ఆర్‌ఎంఈ ఏడీఐ-2 వంటివి. నిజంగా గొప్ప పరికరాలు, వంక పెట్టలేం. కానీ మీ రికార్డులకు అవి చేసే అదనపు మేలు చెవికి తెలియదు, మీవారికి మాత్రం తాను ఓడిపోయినట్టు తెలుస్తుంది. నాలుగోది, బయట ఎవరికైనా డబ్బిచ్చి చేయించడం. మీ రాత్రులు మిగులుతాయి. అయితే 24 బిట్ 96 వేవ్ ఫైళ్లు కావాలనీ, నాయిస్ రిడక్షన్ వగైరా ఏమీ చేయొద్దనీ ముందే చెప్పాలి, రికార్డులు ఇల్లు దాటి వెళ్లడానికి అత్తయ్య ఒప్పుకోవాలి. మీ ఇంటి పరిస్థితి చూస్తే నేను రెండోదాని వైపే మొగ్గుతాను. మీ మరిది ఇస్తానన్న డబ్బును సరైన టర్న్‌టేబుల్‌కీ, కొత్త సూదికీ, స్పూళ్లకూ మళ్లించమంటాను.

కానీ "ఫలానా వాళ్లు చెప్పారు" అని నా పేరు తీసుకెళ్లి వాళ్ల ముందు పెట్టకండి. అది ఇద్దరిలో ఒకరిని నెగ్గించడమే అవుతుంది, మళ్లీ మధ్యలో మీరే నలుగుతారు. ఆదివారం పొద్దున మీవారిని చుట్లు లెక్కపెట్టమనండి, అదే సమయానికి తమ్ముడికి వీడియో కాల్ చేయమనండి. అక్కడ రాత్రి అవుతుంది, తీరిగ్గానే ఉంటాడు. లెక్క 83 వస్తే ఇద్దరికీ ఒకేసారి తెలుస్తుంది, కారణం డబ్బా కాదని ఒకరికి, తమ్ముడు తప్పుపట్టింది తనను కాదని ఇంకొకరికి. వేగం సరిచేశాక కూడా పట్టు వదలకపోతే, అదే పాటలో ఓ ముప్పై సెకన్లు రెండు పద్ధతుల్లో రికార్డు చేసి, రెండింటి శబ్దమూ సమానం చేసి, పేర్లు తీసేసి అ, ఆ అని పెట్టి వినిపించండి. సమానం చేయడం ముఖ్యం, కాస్త గట్టిగా ఉన్నదే అందరికీ బాగుందనిపిస్తుంది. ఏది మేలో అత్తయ్యను చెప్పమనండి. వాళ్లిద్దరూ అమ్మ మాట కాదనరు.

ఇంకో సంగతి మీ గురించి. 140 ఎల్‌పీలు మోగడానికే 93 గంటలు పడుతుంది, తుడవడం, ముక్కలు చేయడం, పేర్లు పెట్టడం దానికి అదనం. ఇది ఒక్కరి పని కాదు. తుడిచి, సూది దించడం మీవారు చేయాలి. ఫైళ్లను పాటలుగా విడదీసి పేర్లు పెట్టడం హ్యూస్టన్‌లో కూర్చుని మీ మరిది చేయొచ్చు. ఒప్పుకోకపోతే రికార్డింగ్ ఆగిపోతుందని మెల్లగా చెప్పేయండి. అలా చెప్పినందుకు మీరు చెడ్డవారేమీ అయిపోరు. బయట మంచి నాణ్యతతో దొరికే పాటలను అసలు రికార్డు చేయకుండా వదిలేసినా నష్టం లేదు, వాటిని టర్న్‌టేబుల్ మీద వినండి.

స్పూళ్లే వేరు. వాటిలో ఉన్నది ఇంకెక్కడా లేదు. "పాత సామాన్ల వాడికి ఇచ్చేయండి" అన్నది అలిగి అన్న మాటే అనుకుంటున్నాను, కానీ అనుకోవడం వేరు, అడగడం వేరు. కొడుకులు లేనప్పుడు మీరిద్దరూ కూర్చుని, ఆ పాటలు మళ్లీ వినాలని ఉందా, ఎవరెవరు వినొచ్చు అని అడగండి. మామగారు లేని ఇంట్లో తన పెళ్లైన కొత్తనాటి గొంతు వినడం ఆవిడకు కష్టంగా ఉండొచ్చు. కుటుంబ వాట్సాప్ గ్రూపులో అది తిరగడం ఇష్టం లేకపోవచ్చు. సరేనంటే ఆ 5 టేపులే ముందు చేయించండి. అటక మీది పాత మెషీన్‌ని దులిపి వాటిని ఎక్కించవద్దు. సర్వీసు చేసిన మెషీన్ ఉన్నవాళ్ల దగ్గరే చేయించాలి. వెనిగర్ వాసన వస్తుంటే ఆలస్యం చేయకండి, టేపు చెడిపోతోందని దానర్థం. ఫార్వర్డ్, రివైండ్ చేసి చూడకుండా మొదటిసారి మోగుతున్నప్పుడే రికార్డు చేయమని చెప్పండి. పక్కన అత్తయ్య ఉంటే ఏ పాట, ఎవరింట్లో, హార్మోనియం ఎవరు అన్నది అక్కడికక్కడే రాసుకోవచ్చు.

హార్డ్‌డిస్కులు రెండు కొనండి, 1 టీబీవి చాలు. ఒకటి మీ దగ్గర, ఒకటి హ్యూస్టన్‌లో. ఎల్‌పీల ఫైళ్లు రెండింటిలోనూ పెట్టండి, స్పూళ్లవి మాత్రం అత్తయ్య సరేనన్నాకే రెండోదానిలోకి ఎక్కించండి.